వాగు పెట్టిన పుస్తె

ఆ ఆదివారం తెల్లారేసరికి మబ్బు పట్టి ఉంది. వానమబ్బు కాదు, మాఘమాసంలో ఊరికే వచ్చి కూర్చునే బూడిదరంగు మబ్బు. బిలాస్‌పూర్‌లో పెండ్రా వైపు పాసింజర్ ఎక్కుతూ ఝాన్సీ తలెత్తి చూసి, ఎండ లేకపోతే ఏటీ కనిపించదేమో మావయ్యా అంది. కొత్తవాళ్లకి మబ్బే మంచిదన్నాను. ఎండలో ఇసకంతా మెరుస్తుంది. అభ్రకం ముక్క కూడా బంగారంలాగే కన్ను గీటుతుంది. నీడ పడితే అది ఆరిపోతుంది. బంగారం ఎండలో ఎంత పచ్చగా ఉంటుందో నీడలోనూ అంతే పచ్చగా ఉంటుంది. ఇది తెలియక మొదటిరోజు సీసా నిండా అభ్రకం ఏరుకుని సంబరంగా ఇంటికి పోయినవాళ్లని చూశాను.

ఝాన్సీ మా అప్ప, అంటే అక్క, సీతాలక్ష్మి కూతురు. బోద్రీ కోర్టులో టైపిస్టు. నేను నూకరాజుని. ఆ లైన్లోనే కీమ్యాన్‌గా పట్టాలు చూసుకుంటూ నడిచి నడిచి రిటైరయ్యాను. నడిచేవాడికి కిందున్నవి కనిపిస్తాయి. వంతెన కింద వాగులో చెక్క పళ్లాలతో ఇసక కడిగేవాళ్లని అలాగే చూశాను. అక్కడ వాళ్లని సోన్‌ఝరాలంటారు. తాతల నాటి నుంచి వాళ్ల పని అదే. డ్యూటీ అయ్యాక కిందికి దిగి, వాళ్ల పక్కన కూర్చుని, నేనూ నేర్చుకున్నాను. వాళ్లకది బతుకు, నాకు సెలవురోజు సరదా. కొందరు గాలం పట్టుకుని పోతారు, నేను పళ్లెం పట్టుకుని పోతాను. ఆ వాగు అర్పా నదిలో కలుస్తుంది. ఏ స్టేషన్లో దిగాలో, ఎటు నడవాలో మాత్రం రాయను. ఒకరు చూపించిన చోటు ఇంకొకరికి చెప్పకపోవడం ఈ పనిలో మొదటి మర్యాద.

ఝాన్సీ సరదాకి రాలేదు. దిలీప్ అని, లోకో షెడ్డులో ఫిట్టరు, ఇక్కడి ఛత్తీస్‌గఢీ పిల్లాడు. వాణ్ణి చేసుకుంటానని సంక్రాంతికి ముందే ఇంట్లో చెప్పేసింది. వాళ్ల నాన్న నాగభూషణం, మా బావ, గూడ్సు గార్డు. ఇప్పుడా ఉద్యోగానికి పేరు మార్చారు గానీ మేముండే తార్‌బహార్‌లో అందరికీ ఆయన గార్డు గారే. ఆయన అరవలేదు. కూతుర్ని కొట్టలేదు. పీట మీద కూర్చుని అన్నం తింటూ ఒక్కమాట అన్నాడు.

"నా ఇంటి నుంచి నలుసంత బంగారం కూడా ఆ పెళ్లికి రాదు. రెండో పుస్తె ఎవడు పెడతాడో చూస్తాను."

మాలో తాళికి రెండు పుస్తెలు. ఒకటి అత్తవారు పెడతారు, రెండోది పుట్టింటివారు పెడతారు. రెండూ పక్కపక్కన పసుపుతాడుకి ఎక్కితేనే పెళ్లి. ఒక్క పుస్తెతో పీటల మీద కూర్చుంటే ఆ పిల్లకి వెనక ఎవరూ లేరని పదిమందికీ చెప్పినట్టు. దిలీప్ తల్లికి మన పద్ధతి తెలియకపోయినా, కోడలి కోసం అడిగి తెలుసుకుని, తమ వంతు పుస్తె చేయించి ఉంచింది. బావకి ఇదంతా తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. రెండో పుస్తె లేకపోతే ఆ పీటల దగ్గరికి రావడానికి మా అప్పకి మొహం చెల్లదు, తల్లి లేకపోతే కూతురు వెనక్కి తగ్గుతుంది. ఆయన లెక్క అది.

నీకు జీతం వస్తంది కదే, కొనుక్కోకూడదా అని రైల్లో అడిగాను. ఝాన్సీ కిటికీలోంచి చూస్తూనే అంది.

"కొన్నది షాపుది మావయ్యా. పుట్టిల్లు పెట్టింది కాదు. నాన్నది పలాస దగ్గర ఊరు, నేనెప్పుడూ అక్కడ నిద్రపోలేదు. మేముండేది క్వార్టరు, అది రైల్వేది. పుట్టింది రైల్వే ఆస్పత్రిలో. తాగింది ఈ అర్పా నీళ్లు. మరి నా పుట్టిల్లేదో నువ్వే చెప్పు."

స్టేషను వచ్చింది, దిగాం.

వాగు దగ్గర మొదట సుక్వారా బాయిని కలవాలి. ఆమె సోన్‌ఝరా, వాగులో ఆ మలుపు వాళ్ల కుటుంబానిది. ముసలామె, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. ఝాన్సీని పైనుంచి కిందికి చూసి, ఈ పిల్ల నెయిల్ పాలిష్ కడుక్కోవడానికొచ్చిందా అంది. విషయం చెప్పాను. నవ్వడం ఆపింది. తన మలుపుకి దిగువన, నల్లరాళ్ల వెనక చోటు చూపించింది. షరతులు నాకెప్పుడో చెప్పినవే, పిల్లకి మళ్లీ చెప్పింది. ఒడ్డు కొయ్యకూడదు, చెట్ల వేళ్లు కదపకూడదు. పార, పళ్లెం, చేతులు తప్ప మోటారు తేకూడదు. కడుగుతున్నవాళ్లకి ఎగువన దిగకూడదు, నీ బురద వాళ్ల పళ్లెంలోకి పోతుంది. తవ్విన గుంట తవ్వినవాళ్లే పూడ్చి పోవాలి. దొరికితే అరవకూడదు. ఝాన్సీ ప్రతి దానికీ అచ్ఛా, అచ్ఛా అంటూ తలాడించింది.

పని చూడ్డానికి తేలిక. నీళ్లు మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు వేగం తగ్గుతుంది, బరువున్నదంతా అక్కడ దించేస్తుంది. పెద్ద రాయి వెనక కూడా అంతే. పై ఇసకలో ఏమీ ఉండదు. పారకి గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఆ అడుగు మట్టి పళ్లెంలోకి ఎత్తుకోవాలి. రాళ్లు కడిగి పారెయ్యాలి, కడక్కుండా పారేస్తే వాటికి అంటుకున్నది కూడా పోతుంది. తర్వాత పళ్లెం నీళ్లలో ముంచి అటూ ఇటూ జాడించాలి. బండి వెళ్లినప్పుడల్లా పట్టాల కింద కంకరలో సన్నది కిందికి దిగినట్టు, జాడించినప్పుడల్లా బరువుది అడుక్కి దిగుతుంది. అప్పుడు ముందుకి వంచి, పై ఇసకని నీళ్లకి వదిలెయ్యాలి. మళ్లీ జాడించాలి, మళ్లీ వదలాలి. చివరికి నల్ల ఇసక మిగులుతుంది. దాన్ని గుప్పెడు నీళ్లతో మెల్లగా తిప్పితే, దాని తోకలో పచ్చటి చుక్క, ఉంటే, కనిపిస్తుంది.

ఝాన్సీ మొదటి పళ్లెం మొత్తం ఒక్క ఊపుకి వాగులో పోసేసింది. రెండోదీ అంతే. టైపు కొట్టే చేతులు, ఆగవు. తొందర పడకు గుంటా అన్నాను. పొద్దు వాలే ముందు నల్ల ఇసక చివర చీమ తలకాయంత పచ్చదనం కనిపించింది. ఝాన్సీ అరవలేదు. వేలికొన తడి చేసి అద్ది, హోమియో మాత్రల సీసాలోని నీళ్లలో ముంచింది. నలుసు మెల్లగా దిగి అడుగున కూర్చుంది. సుక్వారా బాయి దూరం నుంచి చూసి తన పనిలో పడింది. ఆమె మెచ్చుకోలు అంతే.

వంతెన మీద గూడ్సులు పోతూనే ఉంటాయి. ఒక ఆదివారం బొగ్గు బండి వెళ్లింది. చివర బ్రేక్‌వ్యాన్‌లో తెల్ల డ్రెస్సు మీద నిలబడి ఉన్నది మా బావే. నడుముల దాకా నీళ్లలో ఉన్న కూతుర్ని చూశాడు. ఝాన్సీ తల దించుకుంటుందనుకున్నాను. పళ్లెం రెండు చేతులా పైకెత్తి, బ్రేక్‌వ్యాన్ కొండ మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుంది. నీళ్లు మోచేతుల మీంచి కారుతున్నాయి.

ఆ రాత్రి ఆయన అన్నం తిని పడుకున్నాడని మా అప్ప చెప్పింది.

తార్‌బహార్‌లో రమణబాబు అని మన తెలుగు కంసాలి ఉన్నాడు. సీసా వెలుగుకి పెట్టి చూసి, అడుగు పచ్చగా కప్పితే వేపాకంత పల్చగా పుస్తె కొట్టగలనన్నాడు. అప్పటికి సగమే కప్పింది. పెళ్లి ఫాల్గుణంలో. ఇంక ఎక్కువ ఆదివారాలు లేవు.

అలాంటప్పుడు ఒక రోజు అంతా పాడైంది. మంచి చోటు దొరికింది, రాయి పగులులో గట్టి మట్టి. నల్ల ఇసక తోకలో ఎప్పుడూ లేనంత పచ్చదనం. ఝాన్సీ పళ్లెం తిప్పింది. ఆ నలుసులు అడుక్కి దిగలేదు. లేచి నీటి మీద తేలాయి, పుప్పొడిలాగ, వరసగా పళ్లెం అంచు దాటి వెళ్లిపోయాయి. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే పోయాయి. నీటి మీద చూస్తే సన్నగా రంగుల పొర.

"నూనె ఏటే?" అన్నాను.

ఝాన్సీ చేతులు చూసుకుంది. మోచేతుల దాకా పసుపు. తలంతా నువ్వుల నూనె. బావ నైట్ డ్యూటీలో ఉండగా తెల్లవారుజామున మా అప్ప కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, తలుపులేసి, నలుగు పెట్టింది. పెళ్లికూతురికి పెట్టే నలుగు. మళ్లీ పెట్టడానికి వీలవుతుందో లేదోనని ఆ పూటే పెట్టేసింది. స్నానం చేసినా నూనె జిడ్డు పూర్తిగా వదల్లేదు. సన్న బంగారానికి నూనె తగిలితే నీళ్లలో మునగదు. బరువుందన్న సంగతి మర్చిపోయి తేలిపోతుంది. ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది, కానీ మాఘమాసంలో నలుగు పెట్టుకుని వాగుకి వస్తారని ఎవరికి తడుతుంది.

సుక్వారా బాయి కట్టెబూడిద తెచ్చి ఇచ్చింది. పళ్లెం తోమాం. ఝాన్సీ చేతులు మండేదాకా రుద్దుకుంది. తల కూడా కడిగేసుకో, నూనె చుక్క పడితే మళ్లీ ఇదే అన్నాను.

"తల కడగను. మా అమ్మ పెట్టింది." తువ్వాలు తలకి గట్టిగా చుట్టింది. తర్వాత, నా వైపు చూడకుండా అంది. "అమ్మకి చెప్పకు మావయ్యా."

చెప్పలేదు. ఆ పూట ఇంకేమీ దొరకలేదు కూడా.

పెళ్లికి ముందు చివరి ఆదివారం మా అప్ప తానూ వస్తానంది. నీకెందుకని నేననలేదు. పెద్ద టిఫిన్ క్యారియర్ పట్టుకుని పాసింజర్ ఎక్కింది. వాగు చూసి, ఇదేనా, దీనికేనా ఇంత అంది. కొంచెంసేపటికి ఒడ్డున కూర్చుని కూతురు పారేస్తున్న రాళ్లు చేతిలోకి తీసుకుని చూడ్డం మొదలెట్టింది. మధ్యాహ్నానికి సీసా అడుగున ఇంకా బియ్యపుగింజంత చోటు ఖాళీగా ఉంది. ఈసారీ తలకి తువ్వాలు చుట్టుకున్న ఝాన్సీ అదే పగులులో మిగిలిన మట్టి గోకి పళ్లెంలోకి ఎత్తుకుంది. ఆఖరి పళ్లెం.

అప్పుడు వచ్చాడు బావ. డ్యూటీ దిగి, ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి, డ్రెస్సు కూడా మార్చకుండా బండెక్కి వచ్చేశాడు. చోటు ఆయనకెవరూ చెప్పక్కర్లేదు, వంతెన మీంచి చూస్తూనే ఉన్నాడు. గట్టు దిగి, బూట్లతోనే నీళ్లలోకి వచ్చి, కూతురికి ఎగువన నిలబడ్డాడు. మమ్మల్నెవర్నీ పలకరించలేదు. నడు ఇంటికి అని మా అప్పతో అన్నాడు. అన్నం తెచ్చాను, తినేసి వస్తానని మా అప్ప క్యారియర్ ఒళ్లోకి లాక్కుంది. ముప్పై ఏళ్లలో ఆమె ఆయనకి అలా బదులు చెప్పడం నేను వినలేదు.

ఆయన కాళ్ల దగ్గర లేచిన బురద మెల్లగా కిందికి వస్తోంది. సుక్వారా బాయి పని ఆపి చూస్తోంది. ఝాన్సీ పళ్లెం బురదకి పైగా ఎత్తి పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"నాన్నా, ఎగువన నిలబడకు. నీ బురద నా పళ్లెంలోకొస్తంది. కిందికి రా."

ఆయన కదల్లేదు. ఝాన్సీ కూడా కదల్లేదు, పళ్లెం దించలేదు. మా బావ జన్మలో ఎవరి సిగ్నల్‌నీ దాటి పోయినవాడు కాదు. చివరికి ఒడ్డు పట్టుకుని మా అందరి వెనక నుంచి నడిచి, కూతురికి దిగువన వచ్చి నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి నల్లబడింది.

నీళ్లు తేరుకునేదాకా ఝాన్సీ ఆగింది. అప్పుడు పళ్లెం దించి, జాడించి, వదిలి, జాడించి, చివర మెల్లగా తిప్పింది. నల్ల ఇసక పక్కకి జరిగింది. దాని అంచున నెలవంకలా పచ్చగా సన్నటి గీత. ఒక్కో నలుసూ వేలితో అద్ది సీసాలో వేసింది. ఎత్తి చూసింది. అడుగు కప్పింది.

బావ మెడ ముందుకి చాచి చూశాడు.

"నా మాట మీదే ఉన్నాను," అన్నాడు. "నా ఇంటి నుంచి ఏమీ రాదు."

"ఉండు నాన్నా. నేనడగలేదు. నలుసంత కూడా ఇవ్వనన్నావు, నలుసు నలుసూ ఏరుకున్నాను. ఇది నా పుట్టిల్లు పెట్టింది. శుక్రవారం పీటల మీద కూర్చుంటాను. అమ్మ వస్తది. నువ్వూ వస్తే నీ పీట నీకుంటది."

మూత బిగించి సీసా కొంగున ముడేసుకుంది. పార తీసుకుని గుంట పూడ్చడం మొదలెట్టింది. వానాకాలం వస్తే వాగే పూడ్చుకుంటుంది కదా, ఇప్పుడేటి ఈ చాకిరీ అన్నాడు బావ, నాతో అన్నట్టు. తవ్వినవాళ్లే పూడ్చాలి బావా, ఇక్కడ పద్ధతి అన్నాను. ఆయన బూటుతో ఒక పెద్ద రాయి గుంటలోకి తోశాడు. అది సాయమో కోపమో నాకు తెలియలేదు. ఝాన్సీ దాని మీద ఇసక వేసింది.

సుక్వారా బాయి మోదుగాకులు కోసుకొచ్చింది. మా అప్ప అందరికీ ఆకులు వేసింది, ఆయనకీ ఒకటి. అడగలేదు, వేసేసింది. క్యారియర్ విప్పితే వంకాయ ఎండురొయ్యల కూర వాసన ఒడ్డంతా పట్టింది. అన్నం పెట్టి, కూర వేసి, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టింది. బావ రాయి మీద కూర్చుని బూట్లు విప్పి నీళ్లు పారబోశాడు. చేతులు కడుక్కుని, ఆకు దగ్గరికి లాక్కున్నాడు. ఝాన్సీ ఆయనకి ఎదురుగా కూర్చుంది. తల మీద తువ్వాలు అలాగే ఉంది.

తిన్నాం. వంతెన మీద ఒక గూడ్సు పోయింది. ఎవరమూ తలెత్తలేదు. మా అప్ప ఆయన ఆకులో ఇంకో ముద్ద కూర వేసింది, ఆయన వద్దనలేదు.