వస్తున్నానండీ

“అయితే గురువారాలు వంటెవరు చేస్తారు?”

నాకున్న జబ్బుని పానిక్ డిజార్డర్ అంటారని, ప్రతి గురువారం సాయంత్రం గ్రూప్ థెరపీకి రావాలని డాక్టరు చెప్పాక మా ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న కూడా ఉంటుందేమోనని బస్సు దిగేదాకా చూశాను. లేదు.

జబ్బంటే, ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇక ఈ క్షణంలో పోతున్నాననిపిస్తుంది. మొదటిసారి తడిబట్టలు ఆరేస్తుంటే వచ్చింది. ఆయన చొక్కా చేత్తో పట్టుకునే బాల్కనీ గోడకి జారగిలబడ్డాను. పరీక్షలన్నీ చేసి గుండెకేమీ లేదన్నారు. “చూశావా, ఏమీ లేదట” అన్నాడు మా ఆయన పందెం గెలిచినవాడిలా. తీరిక ఎక్కువైన వాళ్ళకే ఇలాంటివి వస్తాయని మా అత్తగారు తేల్చేశారు. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నేను ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తున్నాను. రెండోసారి ఆఫీసులో వస్తే, సెలవు కావాలంటే ముందుగా చెప్పాలి కదా అన్నాడు మా సూపర్‌వైజరు. ఏం చేస్తాం, అది నాక్కూడా చెప్పి రాదు.

నా ఉద్యోగం ఫోన్లో ఫిర్యాదులు వినడం. ఫ్రిజ్ చల్లబడటం లేదని, వాషింగ్ మెషిన్ నీళ్ళు కక్కుతోందని జనం నన్ను తిడతారు. “చెప్పండి, ఏమైంది?” అంటాను నేను. ఆ మాట ఎంత మెత్తగా అనాలో దగ్గర కూర్చోబెట్టి మరీ నేర్పించారు. మా కాల్స్ అన్నీ రికార్డవుతాయి. అప్పుడప్పుడూ సూపర్‌వైజరు నన్ను పిలిచి, నా గొంతే నాకు వినిపించి, ఇదిగో ఇక్కడ గట్టిపడింది, ఇదిగో ఇక్కడ విసుగు తెలుస్తోంది అని చూపిస్తాడు. ఆఫీసులో ఆ మెత్తదనానికి జీతమిస్తారు. ఇంట్లో అది ఊరికే వస్తుంది.

ఇక గ్రూపు నడిపే మేడం మాకు నేర్పించేది కరుణ. ఎవరి మీదో కాదు, మన మీద మనకి. భయపడిపోతున్న స్నేహితురాలితో ఎలా మాట్లాడతారో మీతో మీరు అలా మాట్లాడి, ఫోన్లో రికార్డు చేసుకుని రోజూ వినండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటిల్లిపాదినీ బుజ్జగించి, ముక్కూ మొహం తెలియని వాళ్ళందర్నీ బుజ్జగించి, చివరికి నన్ను బుజ్జగించుకోవడం కూడా నా పనేనా? ఆ మాట పైకే అనేశాను. వంతెన ఎక్కగానే చెమటలు పడుతున్నాయని ఉద్యోగం మానేసి మా గ్రూపులో చేరిన బస్సు డ్రైవరు గారు నవ్వాపుకున్నారు. మేడం మాత్రం నొచ్చుకోలేదు. “కోపం రానివ్వండి, మంచిదే. రికార్డు మాత్రం చేసుకురండి” అన్నారు.

మా ఇంట్లో తలుపేసుకోగలిగిన గది ఒకటి అత్తగారిది, ఒకటి పరీక్షలకి చదువుతున్న మా అబ్బాయిది. మా పడగ్గది తలుపు నేనేస్తే, ఒంట్లో బాగాలేదా, అయితే టీ ఎవరు పెడతారు అని వెంటనే తెరుచుకుంటుంది. బాత్‌రూములో కూర్చుంటే తలుపు కొడతారు. ఆఖరికి బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన ముక్కాలిపీట వేసుకుని రికార్డు చేశాను. ఎన్నిసార్లు చేసినా మధ్యలో పిలుపులే. ఉన్నవాటిలో కాస్త నయమైంది పట్టుకుని గురువారం బయల్దేరాను.

ఈ వారంతో మానెయ్యమని మా ఆయన అప్పటికే చెప్పేశాడు. పదిమంది ముందు ఇంటి గుట్టు విప్పుకోవడమేమిటని, నీకు జాలే కావాలంటే ఇంట్లో మేం లేమా అని. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. మానేస్తే ఈ భయంతో నేనొక్కదాన్నే మిగులుతానని తెలిసి కూడా.

సరిగ్గా రాలేదండీ అని ముందే చెప్పి, ఫోను బల్ల మీద పెట్టి నొక్కాను.

“భయపడకు. ఇది వస్తుంది, పోతుంది. నేనున్నాను కదా...”

“ఏమోయ్, గోళ్ళు తీసుకునేది ఎక్కడ పెట్టావ్?”

“వస్తున్నానండీ.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత అబ్బాయి ఛార్జరు. తర్వాత అత్తగారి మందుబిళ్ళ. ‘వస్తున్నా నాన్నా.’ ‘వస్తున్నానత్తయ్యా.’ ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను మా సూపర్‌వైజరు వినే పద్ధతిలో వింటున్నాను. వాళ్ళకి బదులిచ్చే గొంతు తేనెలా ఉంది. నాతో మాట్లాడుకునే గొంతు తప్పు చేసినట్టు నసుగుతోంది.

“అమ్మా, వాళ్ళు పిలిచిన ప్రతిసారీ మీకు ఊపిరి ఆగుతోంది” అన్నారు డ్రైవరు గారు.

మళ్ళీ పెట్టి విన్నాను. నిజమే. ప్రతి పిలుపుకీ, నా జవాబుకీ మధ్య ఒక ఎగశ్వాస. బాల్కనీ గోడకి జారగిలబడ్డ రోజున వచ్చింది అచ్చంగా అదే. ఏ కారణమూ లేకుండా వస్తుందన్నారు అందరూ. నేనూ నమ్మాను, నాలోనే ఏదో లోపం ఉందని సిగ్గుపడ్డాను. ఊరికే రాలేదది. ఇన్నేళ్ళుగా పొద్దస్తమానం పిలిచి పిలిచి తెచ్చారు దాన్ని.

“పలక్కపోతే ఏమవుతుందని మీ భయం?” అనడిగారు మేడం.

ఇల్లు కూలిపోతుందన్నంత భయం నాది.

“కరుణంటే మెత్తగా మాట్లాడటం ఒక్కటే కాదండి. నలిగిపోతున్న మనిషిని పక్కకి లాగడం కూడా” అన్నారావిడ.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ముక్కాలిపీట వేసుకున్నాను. రెండు మాటలన్నానో లేదో, ఏమోయ్ అని పిలుపు. మళ్ళీ ఆ గోళ్ళు తీసుకునేదే. అది ఉండేది టీవీ కింద సొరుగులో, ఆయన కుర్చీలోంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నేను పలకలేదు. రెండోసారి పిలిచాడు. గుండె చెవుల్లో కొట్టుకుంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. పోతే పోతాను, లేచి మాత్రం వెళ్ళను అనుకుని పీట అంచు పట్టుకున్నాను. మూడోసారి పిలుపులో కోపం వినబడింది. ఆ తర్వాత కుర్చీ కిర్రుమంది. సొరుగు తెరుచుకున్న చప్పుడైంది.

అంతే. ఇల్లు కూలలేదు. దడ కాసేపు ఉండి, తగ్గింది. ఫోను దగ్గరికి తీసుకున్నాను. “చెప్పు, ఏమైంది?” అన్నాను. ఊరంతటినీ అడిగిన మాట. నన్ను అడగడం అదే మొదటిసారి. చాలాసేపు చెప్పుకున్నాను.

గురువారం సాయంత్రం నేను చెప్పులేసుకుంటుంటే మా ఆయన గుమ్మం దగ్గరికొచ్చాడు. మానెయ్యమన్నాను కదా అన్నాడు. నేను బ్యాగు భుజాన వేసుకున్నాను.

“మరి వంట?” అన్నాడు.

“సొరుగు దొరికింది కదండీ, వంటిల్లు కూడా దొరుకుతుంది” అని మెట్లు దిగాను.