అలుపెరుగని యాప్

"నువ్వెలాగూ ఇంట్లోనే పడుంటావుగా, నాలుగు మెసేజ్‌లకి జవాబివ్వడానికి ఏం రోగం?" అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతుండగా.

ఆయనగారు స్టార్టప్ పెడుతున్నారు. చొక్కా మీద మరక పోకపోయినా, కూర మాడినా, చంటిపిల్ల ఏడుపు మానకపోయినా, ఫోన్లో అడిగితే క్షణంలో ఉపాయం చెప్పే యాప్. ఆ యాప్ ఇంకా పుట్టలేదు. అసలు జనానికి అది కావాలో వద్దో ముందు పరీక్షించి తేల్చుకోవాలట. అందాకా యంత్రం వేషం పెళ్లానికి కట్టారు. అడిగేవాళ్లు యంత్రమే చెబుతోందనుకుంటారు. ఈవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని టైపు చేస్తుంది.

జనం వెర్రెత్తిపోయారు. "ఈ యాప్‌కి ఎంత ఓపికో!" అని మెచ్చుకుంటూ రాశారు. ఆ ఓపిక అత్తగారి కంటికి ఏనాడూ ఆనలేదు. "పొద్దస్తమానం ఆ ఫోనేనా అమ్మాయ్? నా నోట్లో కాఫీ చుక్క పడేదెప్పుడు?" అనేది ఆవిడ. కొడుకేమో తన అంచనాలన్నీ నిజమయ్యాయని మీసం మెలేశాడు. ఈవిడ కాదనదన్నది కూడా ఆయన అంచనాయే. దాన్ని మాత్రం పరీక్షించాలని తోచలేదు మహానుభావుడికి. ఆ ధీమా చూస్తే ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు అసహ్యం వేస్తోంది.

పెట్టుబడి పెట్టే మేడమ్ ఇంటికే వచ్చిన రోజు, "వంటింట్లోంచి కదిలావో, నా కొంప మునిగినట్టే" అని చెప్పి తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు. హాల్లోంచి అతని గొంతు ఖంగుమంటూ వినిపించింది.

"జీతం అడగదు, అలగదు, సెలవు పెట్టదు మేడమ్. మా యాప్‌కి అలుపన్నదే లేదు."

"మా వాడి బుర్రే బుర్ర" అంది అత్తగారు.

"సరే, నేనే ఒకటి అడిగి చూస్తాను" అంది మేడమ్.

వంటింట్లో ఈవిడ చేతిలో ఫోన్ వెలిగింది. 'రోజంతా ఇంతమందికి చాకిరీ చేస్తావు. నీకు విసుగు రాదా?'

ఈ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్లే లేరు. ఆమె అలవాటు కొద్దీ 'మీకు సాయపడటమే నా ఆనందం' అని కొట్టింది. దాన్ని చూసి తన మీద తనకే రోత పుట్టింది. తుడిపేసి మళ్లీ రాసింది. పంపి, పొయ్యి కట్టేసింది.

మేడమ్ పైకి చదువుతోంది. "చచ్చేంత విసుగు. పక్కనే వంటింట్లో ఉన్నాను, వచ్చేస్తున్నాను."

"చూశారా మేడమ్, అచ్చం మనిషి మాట్లాడినట్టే..." అంటున్నాడతను, మురిసిపోతూ.

వంటింటి తలుపు తెరుచుకుంది.