జానెడు వెదురు

ఉదయం ఏడున్నర. బంగారుపాళ్యం దగ్గరి మామిడి తోటలో కొమ్మ విరిగి మునిరామయ్య కింద పడ్డాడు. చేతిలో కాయలు కోసే వెదురు దోటి ఉంది. దాని కొసనున్న కత్తి రొమ్ములో ఎడమ పక్కన దిగింది.

వెదురు గడ కదులుతోంది.

గాలి లేదు. అయినా కదులుతోంది — గుండె కొట్టుకున్నప్పుడల్లా.

చెట్టు కింద కాయలు ఏరుతున్న భార్య నాగవేణి పరుగున వచ్చింది. అప్పటికే మునిరామయ్య తమ్ముడు యోగానంద గడ మీద చెయ్యి వేశాడు.

"లాగొద్దు మరిదీ!"

"ఇనుము లోపలుండాది వదినా! పీకి పసుపు పెడదాం."

"తొడిమ పీకితే సొన ఎట్ట చిమ్ముతాదో నీకు తెలీదా? ఇన్నేండ్లు ఏం కోసినావు?"

అతని చెయ్యి ఆగింది.

కాయను తొడిమతోనే కోయాలి. తొడిమ ఊడితే సొన కారి కాయ నల్లబడుతుంది. ఆ తోటలో అందరికీ తెలుసు. మనిషి దగ్గరికి వచ్చేసరికి యోగానంద మరిచిపోయాడు.

ఆమె రెండు చేతులతో గడను బిగించి పట్టుకుంది. ఆమె పిడికిళ్లకు పైన యోగానంద కొమ్మలు కోసే రంపంతో గడను కోశాడు. జానెడు మిగిలింది.

ఆ జానెడూ ఆమె పిడికిట్లో.

అంబులెన్సు తిరుపతి దారి పట్టింది. వదలడానికి లేదు. చెమట తుడుచుకోవడానికి లేదు. ముక్కు మీద ఈగ వాలింది… తోలడానికి లేదు. మామిడి సొనకు కాలిన వేళ్లు మండుతున్నాయి. వెదురు కొట్టుకుంటోంది — ఆమె అరచేతిలో.

"తాళి కట్టినప్పుడు గూడా నా చెయ్యి ఇంత గెట్టిగా పట్టుకోలేదే నువ్వు," అన్నాడు మునిరామయ్య.

"నోరు మూసుకో. నువ్వు మాట్లాడితే ఇది ఊగతా ఉండాది."

చంద్రగిరి దాటాక అతను మాట్లాడలేదు.

వెదురు కదలిక తగ్గింది.

ఇంకా తగ్గింది…

బిగించాలా, సడలించాలా? ఆమెకు తెలియదు. అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. గుండె చుట్టూ రక్తం నిండి గుండెను నొక్కేస్తోందని చెప్పింది. రొమ్ము తెరిచి ఆ రక్తం తీయాలి. కత్తి తీసిన క్షణమే గుండెకు పడిన చిల్లు మీద వేలు పెట్టాలి. అప్పుడు కుట్టాలి.

"అంతదాకా వదలొద్దమ్మా. పట్టుకునే రా."

ఆపరేషన్ బల్ల దాకా అలాగే నడిచింది. తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి ఆమె చేతి కింద వెదురును పట్టుకుంది.

"ఇంక వదులు."

వేళ్లు రాలేదు. నర్సు ఒక్కొక్కటే విప్పింది.

తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద పిడికిలి మళ్లీ ముడుచుకుంది. ఎంత విప్పినా ముడుచుకుంటోంది. అందులో ఏమీ లేదు. అయినా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చింది.

"కుట్టేసినారక్కా. గుండె ఆడతా ఉండాది. ఆయన ఇంకా కండ్లు తెరవలేదు."

నర్సు చేతిలోని ట్రేలో కత్తి ఉంది. కత్తికి జానెడు వెదురు.

వెదురు కదలడం లేదు.