ఫ్లోరా సిస్టర్ ఫోను మార్చింది

ఫోను మార్చుకోవడం కూడా ఊరంతా చెప్పుకునే వార్త అవుతుందని నాకు తెలియదు. నేను మార్చింది నా ఫోను, ఎవరి మొగుణ్ణో కాదు. అయినా ఒడిశాలోని మా మునిగుడలో మూడు వారాలపాటు నాకు ఎదురైన ప్రతి మనిషీ ముందు నా చేతివంక చూసి, తర్వాత నా మొహంవంక చూసి, "ఏటి సిస్టర్, బాగున్నారా?" అని అడిగారు. ఆ అడగడంలోని జాలి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాత ఫోను మా ఆయన విమల్ కుమార్ కొనిచ్చింది. ఆయన రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి పనిగట్టుకుని విశాఖపట్నం వెళ్ళి, షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్దదీ ఖరీదైనదీ ఏరి తెచ్చాడు. వెనక నాలుగు కెమెరాలు. చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయన్నాడు. చంద్రుడితో నాకేం పని? వార్డులో పిల్లల చేతుల మీద నరాలు కనిపిస్తే చాలు. కానీ అబద్ధమెందుకు, అది చేతిలో ఉంటే గొప్పగానే ఉండేది. చర్చిలో దాన్లో పాట తెరిస్తే వెనక బెంచీవాళ్ళు నా భుజం మీదుగా చూసి పాడేవారు.

నేను ఇక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సుని. ఇరవయ్యెనిమిదేళ్ళుగా అదే పని. మా వైపు పిల్లల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. నొప్పులతో వస్తారు, వెంటనే సెలైను ఎక్కించాలి. ఆ పిల్లల నరాలు దారప్పోగుల్లా ఉంటాయి, సూది చూడగానే దాక్కుంటాయి. ఇద్దరు నర్సులు గుచ్చి గుచ్చి విసిగిపోయాక, "ఫ్లోరా దిదీని పిలవండి" అంటారు. నేను వెళ్ళి వేలితో తడిమి ఒక్క పోటుతో పెట్టేస్తాను. నాకున్న ఆస్తి అదొక్కటే.

నాలుగు నెలల కిందట కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. సీసా మూత తిప్పితే నొప్పి, చీపురు పడితే నొప్పి. చుట్టాల పెళ్ళికని విజయనగరం వెళ్ళినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒక ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన నా ఫోను అడిగి తీసుకుని, అరచేతిలో పైకీ కిందికీ ఆడించి, "ఇది ఫోనా అమ్మా, ఇస్త్రీపెట్టా?" అన్నాడు. దీన్ని ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో ఈ మూల నుంచి ఆ మూలకి గీకుతుంటే వేలి నరం వాయక ఏమవుతుందన్నాడు. ముందు దీన్ని వదిలెయ్యండి, తేలికగా, అరచేతిలో ఇమిడేది కొనుక్కోండి. తర్వాత మూడు నెలలు సూది పని మానెయ్యండి.

రెండు మాటలు చెప్పాడు. నేను ఒకటే విన్నాను.

ఎందుకంటే నాకు సుమతి గుర్తొచ్చింది. మా ఆసుపత్రిలోనే పనిచేసేది, నాకంటే మంచి నర్సు. చూపు మందగించిందని ఆమెని చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పదేళ్ళు అక్కడే కూర్చుంది. ఆ పదేళ్ళలో ఆమెని సిస్టరని పిలిచినవాళ్ళు లేరు, "చీటీ" అని చెయ్యి చాపేవాళ్ళే. నాకు యాభైఆరేళ్ళు. చెయ్యి బాగాలేదని తెలిస్తే తర్వాత కుర్చీ నాదే. ఫోను మారిస్తే చెయ్యి తనంతట అదే బాగుపడుతుందని నన్ను నేను నమ్మించుకున్నాను. ఫోను మార్చడం తేలిక కదా.

తేలిక అనుకున్నాను. రాయగడలో నాలుగు షాపులు తిరిగాను. చిన్న ఫోను కావాలంటే ప్రతివాడూ నన్ను వింతగా చూశాడు. ఈ రోజుల్లో అన్నీ కూరలు తరిగే చెక్కలే. చివరికి మున్నా అనే అతను అటక మీంచి ఒక డబ్బా దించి, దుమ్ము ఊది నా ముందు పెట్టాడు. మధ్యరకం ఫోను, తేలిగ్గా ఉంది, బొటనవేలు అన్ని మూలలకీ అందుతోంది. నా పాత ఫోను చూసి అతను, "ఇది పాడయిందా దిదీ?" అని ఒడియాలో అడిగాడు. లేదన్నాను. పోనీ దొంగిలించి తెచ్చిందా అన్నట్టు చూశాడు. అక్కడే మొదలైంది నా ఖర్మ. ఫ్లోరా సిస్టర్ ఇంట్లో డబ్బుకి ఇబ్బందట, అందుకే చౌక ఫోనట.

ఇంటికొచ్చి పెద్దది మా ఆయన చేతిలో పెట్టి, బరువుగా ఉంది, మీరే వాడుకోండన్నాను. మనిషి మొహం మాడిపోయింది.

"బరువేటే? నేనిచ్చింది కాబట్టి బరువయ్యిందా?"

"ఏటండీ, ఆ మాటలు. మీ జేబులో ఉంటే నా దగ్గరున్నట్టే గదా."

అసలు సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న చెప్తే మధ్యాహ్నం పాసింజరు వచ్చేలోపు ప్లాట్‌ఫారమంతా తెలుస్తుంది. రెండ్రోజులు అలిగి, మూడోరోజు నుంచి ఆ పెద్ద ఫోను చొక్కాజేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకుని స్టేషనుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. దాంతో ఇంకో కథ పుట్టింది. విమల్ కుమార్ పెళ్ళాం ఫోను లాక్కున్నాడట.

ఇక కొత్తదాని సుఖం చెప్పాలి. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేస్తే తెర మీద నాలుగు మాటలు మిగులుతాయి, అయిదోది చదవాలంటే మళ్ళీ పైకి నెట్టాలి. ఒక అక్షరం నొక్కితే పక్కది పడుతుంది. కెమెరా తీస్తే అందరూ పొగమంచులో నిలబడ్డట్టు ఉంటారు. పాత ఫోను లైటు వేస్తే పిల్లల అరచేతిలో నరాలు నీలంగా కనిపించేవి, దీని లైటు అగ్గిపుల్ల వెలుగు. ఇవన్నీ భరించాను, చెయ్యి బాగుపడుతుందని. పడలేదు. రోజుకి పదిమందికి సూదులు గుచ్చుతూ, ఫోను మార్చాను గదా, ఇంకా ఎందుకు తగ్గట్లేదని దాని మీద కోప్పడ్డాను. పాపం, దానిదేముంది?

మూడోవారంలో గుడారి అనే ఊరి నుంచి ఎనిమిదేళ్ళ పిల్లని తెచ్చారు. ఒళ్ళంతా నొప్పులు. ఎప్పటిలాగే నన్ను పిలిచారు. వేలు నరం మీద పెట్టాను, సూది పట్టుకున్నాను, బొటనవేలు జారింది. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ జారింది. మూడోసారికి దొరికింది. పిల్ల అరవలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది, అంతే. "పిల్ల కదిలిందమ్మా" అన్నాను వాళ్ళమ్మతో. ఆమె తలూపి, కదలొద్దని పిల్లనే కసిరింది. మా ఇన్‌చార్జి ప్రేమలీల అక్క పక్కమంచం దగ్గర నిలబడి అంతా చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను.

ఆ గురువారం ప్రార్థన కూడిక మా ఇంట్లో. మా తెలుగు చర్చి సంఘంలో వారానికొక ఇంట కూడుకుంటాం. పాటలయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెప్తారు. జ్వరాలు, పరీక్షలు, ట్రాన్స్‌ఫర్లు. ఊరిలో ఎవరింట ఏం జరుగుతోందో తెలియాలంటే పేపరక్కర్లేదు, ఈ మనవులు వింటే చాలు. ప్రేమలీల అక్క స్త్రీల సమాజానికి కార్యదర్శి కూడా. ఆమె లేచింది.

"మన సంఘంలో ఒక కుటుంబం సానా ఇబ్బందిలో ఉంది అయ్యగారూ. పేరు సెప్పను. సేతిలో ఉన్న వస్తువులు కూడా ఒక్కోటీ పోతన్నాయి. వాళ్ళు నోరు తెరిసి అడగరు. అలాటోళ్ళ కోసం ప్రార్థన సెయ్యాల."

పేరు చెప్పదట! గదిలో ఉన్న పద్దెనిమిదిమందీ నావైపు తిరిగారు. నేనప్పుడు ఆ చిన్న ఫోనుని ముక్కుకి ఆనించుకుని పాట వెతుకుతున్నాను. మా పాస్టరు ఎలీయాజరు అయ్యగారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "ప్రేమగల తండ్రీ, ఈ గృహములోని లేమిని నీవు ఎరుగుదువు. ఈ కుటుంబము నడుచుచున్న ఇరుకు త్రోవను నీవు చూచుచున్నావు." ఈ గృహము అనేశాడు! మా ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. జేబులో ఆ పెద్ద ఫోను మెరుస్తోంది.

ఒక్క మాట చాలు. మాకే లోటూ లేదు, నా చెయ్యి నొప్పి, అందుకే ఫోను మార్చానంటే అయిపోయేది. కానీ ఎదురుగా ప్రేమలీల అక్క. చివర్లో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

శనివారం పొద్దున్న ఆమె ఆటోలో వచ్చింది. చేతిలో బియ్యం సంచి. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. నెలాఖరుకి అవన్నీ పోగుచేసి గడవని ఇంటికి ఇస్తారు. నేను ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఒక్కపూట తప్పకుండా వేస్తున్నదాన్ని. ఆ బియ్యం నా ఇంటికే వచ్చింది.

"అక్కా, ఏటిది? మాకెందుకు?"

"సిగ్గెందుకే? మనోళ్ళ దగ్గర సిగ్గేటి? తీసుకో."

సంచి నా చేతుల్లోకి తోసింది. పది కిలోలు ఉంటుంది. బొటనవేల్లోంచి మోచేతిదాకా నిప్పు పాకినట్టయింది. సంచి జారి గుమ్మం మీద పడి పిగిలిపోయింది. వరండా అంతా బియ్యం. ఒక్కో ఇంటిది ఒక్కో రకం, సన్నవీ దొడ్డువీ, తెల్లవీ ఎర్రవీ.

ప్రేమలీల అక్క కిందికి చూసింది, నన్ను చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇసిరికొట్టేవేటే? ఇష్టం లేకపోతే ఒద్దను. దేవుడి బియ్యమే ఇది! అప్పమ్మ అంట్లు తోముకుని బతుకుతాది, ఆవిడ పిడికిలి కూడా ఉంది ఇందులో. మా పిడికిళ్ళు నీకు లోకువయ్యేయా?"

నన్ను దరిద్రురాలంటే పడ్డాను. మొగుడు ఫోను లాక్కున్నాడన్నా పడ్డాను. అప్పమ్మ బియ్యం విసిరికొట్టిందంటే మాత్రం పడలేకపోయాను.

"ఇసరలేదక్కా. పడిపోయింది. నా సెయ్యి పట్టట్లేదు."

ఆమె నా కుడిచెయ్యి అందుకుని, బొటనవేలు పిడికిట్లోకి మడిచి, మణికట్టుని కిందికి వంచింది. నేను అరిచాను. ముప్పయ్యేళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషి, ఆమెకి ఇంకేం చెప్పనక్కర్లేదు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"నాలుగు నెలలు."

"గుడారి పిల్లకి మూడుసార్లు గుచ్చేవు. కదిలిందన్నావు."

"కదల్లేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా, కానీ నేను అనుకున్నదానికి కాదు.

"లేని కష్టానికి నాసేత మనవి సెప్పించేవు. ఊరందరి సేతా ఆమెనిపించేవు. ఉన్న కష్టం సెప్తే సెయ్యనా? నాకు సెప్పకపోతే పోనీ, ఆ పిల్లల మొహం సూసైనా సెప్పాలి గదే!"

ఇద్దరం కూర్చుని బియ్యం ఎత్తాం. ఆమె రెండు చేతులతో, నేను ఎడమచేత్తో. సుమతి కుర్చీ గురించి చెప్పాను. "ఆ కుర్చీ సంగతి తరవాత సూద్దాం. సోమవారం నుంచి సూది ముట్టుకోకు" అంది. ఆ మాట అంటుందనే కదా నాలుగు నెలలు ఇంత నాటకం ఆడాను. అనేసింది. అయిపోయింది.

సోమవారం గుడారి పిల్లకి మళ్ళీ నొప్పులొచ్చాయి. చేతికున్న పాత గొట్టం పనికిరాలేదు, కొత్తది పెట్టాలి. ప్రేమలీల అక్క సస్మితని పంపింది. చేరి ఏడాదైనా కాలేదు, సూది పట్టుకుంటే చూసేవాళ్ళకి భయం. నేను మంచం అవతల నిలబడ్డాను.

"కళ్ళతో వెతక్కే అమ్మీ" అన్నాను ఒడియాలో. "కళ్ళు మూసుకో. వేలితో వెతుకు. మెత్తగా తగిలి మళ్ళీ పైకి లేస్తుందే, అదీ."

సస్మిత నిజంగానే కళ్ళు మూసుకుంది. వేలు మణికట్టు పక్కన ఆగింది. సూది వెళ్ళింది. గొట్టంలో ఎర్రగా రక్తం కనిపించింది. మొదటి పోటుకే. సంతోషించాల్సింది పోయి, నాకు ముందు కడుపు మండింది. ఇరవయ్యెనిమిదేళ్ళ విద్య ఇంత సులువుగా ఇంకొకరి చేతికి పోతుందా అనిపించింది.

పిల్ల తల్లి లేచింది. సస్మిత వైపు చూడనేలేదు. అలవాటు కొద్దీ నాకే వంగి దణ్ణం పెట్టింది.

"నేను కాదమ్మా, ఈ అమ్మాయి" అన్నాను. ఆమె నవ్వి, మళ్ళీ నాకే పెట్టింది. ఆ రెండో దణ్ణం నేను తీసుకోలేకపోయాను. వాళ్ళ భాష నాకొచ్చిన కాస్తలోనే, తనకి అర్థమయ్యేలా చెప్పాను. పోయినసారి నీ పిల్ల కదల్లేదు. నా చెయ్యి బాగాలేదు. తెలిసే గుచ్చాను.

ఆమె చేతులు దించింది. ఆవేళ తను కసిరిన పిల్ల తలని ఒళ్ళోకి తీసుకుని, జుట్టు నిమురుతూ, నాకూ పిల్లకీ మధ్య తన వీపు అడ్డంపెట్టి కూర్చుంది.