క్యాసెట్‌లో దుడ్డె

మహబూబాబాద్‌లో స్టేషన్‌కు పోయే దారిలో బిక్షపతికి టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. ఈ రోజుల్లో పాడైన టీవీని బాగుచేయించుకునేవాళ్లు తక్కువ. పాత టీవీ అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం, దాంతోపాటు చిన్నప్పుడు ఆడుకున్న వీడియో గేమ్ క్యాసెట్లను కూడా అక్కడే పడేసి పోతుంటారు. బిక్షపతి వాటిని విప్పి, లోపలి చిప్‌ను కంప్యూటర్‌కు తగిలించి, అందులో ఏమేం దాగి ఉన్నాయో చూస్తాడు. ఆట తయారుచేసేవాళ్లు కొన్ని బొమ్మలు గీసి, తర్వాత వద్దనుకుంటారు. కానీ వాటిని చెరిపేయరు. అవి ఆటలో ఎక్కడా కనిపించకుండా క్యాసెట్ లోపలే పడి ఉంటాయి. అలాంటి బొమ్మలు వెతికేవాళ్లకు ఇంటర్నెట్‌లో ఒక సైట్ ఉంది. బ్రెజిల్ నుంచి ఫిన్లాండ్ దాకా మనుషులున్న ఆ సైట్‌లో బిక్షపతి పదేళ్లుగా సభ్యుడు.

మొన్న ఎండాకాలం అతని అత్త బుచ్చమ్మ కాటారం దగ్గరి ఊరి నుంచి వచ్చి, కుడికంటికి పొర తీయించుకుంది. నెల రోజులు దుమ్ము, పొగ, పేడ దగ్గరికి పోవద్దన్నాడు డాక్టర్. ఊళ్లో ఏడు బర్రెలున్న మనిషికి అది జైలుశిక్షే అయింది. కూతురు రాణి, అంటే బిక్షపతి భార్య, పొద్దున్నే అంగన్‌వాడీలో పనికి పోతుంది. ఇంట్లో ఒక్కతే ఉండలేక, నల్లద్దాలు పెట్టుకుని అల్లుడి దుకాణంలో కూర్చునేది.

ఆ వారం బిక్షపతి గొడుగు గేమ్‌ను విప్పుతున్నాడు. ఒకడు గొడుగు పట్టుకుని ఇంటి కప్పుల మీద, వంతెనల మీద దుంకుతూ పోయే పాత జపాన్ ఆట అది. అందులో ఎవరూ వాడని నాలుగు కాళ్ల బొమ్మ ఒకటి ఉంది. తెర మీద పట్టుమని పదహారు చుక్కల వెడల్పు లేదు. సైట్‌లో కొందరు దాన్ని కుక్క అన్నారు, కొందరు ఖడ్గమృగం అన్నారు. ఆరేళ్లుగా తేలలేదు.

బుచ్చమ్మ నల్లద్దాలు పైకెత్తి తెర వైపు ఒక్కసారి చూసింది.

"గది దుడ్డె. ఆర్నెల్లది. పాలు మాన్పిచ్చిన్రు, ఇంక గడ్డికి మరగలె. ముంగటి కాళ్లు ఎడంగ వెట్టి ఎట్ల నిలవడ్డదో సూడు," అంది.

రిమోట్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఆటోడ్రైవర్ కట్టయ్య తనకు పందిలా కనిపిస్తోందన్నాడు. ఎన్ని పందులను సాకినవని బుచ్చమ్మ అడిగింది. ఒక్కటి కూడా లేదన్నాడు.

బిక్షపతి సరదాకు ఆ బర్రెదూడ బొమ్మను ఆట మొదటి అంకంలో పెట్టి చూపించాడు. ఎక్కడ ఆగాలో దానికి ఎవరూ నేర్పలేదు. అది నేలలోంచి జారి, తెర కింది అంచు దాటి మాయమైంది. బుచ్చమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ సాయంత్రం చాయ్ తాగలేదు. కట్టేయకుండా ఎట్లా వదిలిపెట్టినవని రాత్రి అన్నం ముందు కూర్చుని అడిగింది. కట్టడానికి ఆటలో గుంజ లేదన్నాడు బిక్షపతి.

"దుడ్డెను గీసినోళ్లు గుంజ గియ్యకుంట ఉంటరా బిడ్డా? దేవులాడు, దొరుకుతది."

తెల్లారి ఆమె మాట తీసేయలేక వెతికాడు. గుంజ దొరికింది. సైట్‌లో దాన్ని విరిగిన నిచ్చెన అని రాసుకున్నారు. కుడితి తొట్టి ఉంటదని చెప్పింది. అదీ దొరికింది. దానికి పడవ అని పేరు పెట్టారు. తినేటప్పుడు తల వంచాలె గదా అంది. తల వంచిన బొమ్మ నిజంగానే ఉంది. సైట్‌వాళ్లు దాన్ని చచ్చిపోయిన శత్రువు అనుకున్నారు. ఎవరికీ అర్థంకాక 'తెలియదు' అని వదిలేసిన ఆకుపచ్చ గడి గడ్డిపోచలని తేలింది. అన్నిటినీ ఒకచోట పెట్టాక దుడ్డె గుంజ చుట్టూ రెండడుగులు తిరిగి, తల వంచి, గడ్డి మేసింది. ఎవరూ చూడని అంకం ఒకటి బిక్షపతి కళ్లముందు ఉంది. బుచ్చమ్మ మాత్రం గడ్డి సాలదని చెప్పి, ఇంకో రెండు కట్టలు వేయించింది.

ఇదంతా సైట్‌లో పెడితే గొడవ మొదలైంది. ఆధారమేమిటని ఫిన్లాండ్ మనిషి అడిగాడు. బుచ్చమ్మకు నలభై ఏళ్లుగా బర్రెలున్నాయని బిక్షపతి రాశాడు. బ్రెజిల్ మనిషి అది చాలన్నాడు. ఫిన్లాండ్ మనిషి ఆవుల చావడి ఉన్న తన మేనత్తకు చూపించి, రెండు రోజుల తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ వారమే, ఎవరు చేరవేశారో కానీ, ఆ బొమ్మ గీసిన జపాన్ పెద్దాయన నుంచి ఈమెయిల్ వచ్చింది. తనకు ఎనభై దాటాయని, తాను గీసింది ఎలుగుబంటినని రాశాడు.

ఆ మాట అత్తకు చెప్పడానికి బిక్షపతికి నోరు రాలేదు. మధ్యాహ్నం దాకా ఆగి, పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. బుచ్చమ్మకు కోపం రాలేదు.

"మరి గుంజ ఎవలు గీసిన్రో అడుగు," అంది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. గుంజ, తొట్టి, గడ్డి గీసింది తన పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషట. పాడి ఉన్న పల్లె నుంచి వచ్చినవాడట. ఎలుగుబంటిని చూసిన రోజు నుంచి అది దూడేనని వాదించేవాడట. ఎవరూ చెప్పకుండానే దానికి మేత గీశాడు, తల వంచినట్టూ గీశాడు. ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఆట ఆలస్యమవుతోందని పై అధికారి ఇద్దరి బొమ్మలనూ పక్కన పెట్టించాడు. ఆ స్నేహితుడు పోయి పదకొండేళ్లయింది. అది మేస్తుంటే నేనెప్పుడూ చూడలేదు, వీలైతే చూపించగలరా అని అడిగాడు పెద్దాయన.

రాణి సెల్‌ఫోన్‌తో వీడియో తీసింది. మధ్యలో బుచ్చమ్మ చేయి అడ్డం వచ్చి, దుడ్డె ఏ వైపు నుంచి మేత మొదలుపెడుతుందో తెర మీద చూపించింది. తీసేయనా అంటే, ఉండనీ అన్నాడు బిక్షపతి.

పెద్దాయన ఒకే వాక్యం రాసి పంపాడు. తల వంచినప్పుడు అది దూడే.

బుచ్చమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. తర్వాత, "ఆ పోయినాయినకు పిల్లలు ఎవలన్న ఉన్నరా? వాళ్లకు గూడ పంపుమను," అంది. ఒక కూతురు ఉందట. పెద్దాయన ఆమె ఇంటికి తానే వెళ్లి చూపించాడని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలట.

డాక్టర్ సరే అన్న రోజు మధ్యాహ్నమే బుచ్చమ్మ సంచి సర్దుకుంది. ఆమెను భూపాలపల్లి బస్సు ఎక్కించి వచ్చేసరికి బిక్షపతికి సైట్ నుంచి పద్నాలుగు బొమ్మలు వచ్చి ఉన్నాయి. వేరే వేరే ఆటల్లో దొరికినవి, ఎవరికీ అంతుపట్టనివి. ఆమెకు చూపించమని బతిమాలుతూ రాశారు. ఆదివారం రాణి వీడియో కాల్ చేసి ఒక్కొక్కటీ చూపించింది. కొట్టంలో నిలబడి, సెల్‌ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పట్టి చూసింది బుచ్చమ్మ. రెండు మేకలన్నది, ఒకటి గంప కింద మూసిన కోడి అన్నది. మిగతా పదకొండూ తనకు తెలియవని చెప్పి, పాలు పిండే యాళ్లయిందని ఫోన్ పెట్టేసింది.

ఆ పదకొండు బొమ్మల కింద సైట్‌వాళ్లు ఇప్పుడు కొత్తగా ఒక మాట చేర్చారు: "బుచ్చమ్మకు చూపించాం. తెలియదన్నది."