మడతపెట్టాల్సిన గొంతు

మంగళవారం మధ్యాహ్నం కుక్కర్ గాస్కెట్ ఎలా మార్చాలో ఫోన్‌లో వెతుకుతుంటే మా అక్క గొంతు దొరుకుతుంది. ఏడేళ్ళ కిందట పోయిన గొంతు. గాస్కెట్ మాత్రం దొరకదు.

ఫోన్ కొత్తది. దీనికి స్పీకర్ ఉండదు. ఇంట్లో ఏ వస్తువు ఖాళీగా ఉంటే అందులోంచి మోగుతుంది. నిన్న వార్తలు స్టీలు బిందెలోంచి వచ్చాయి. ఇవాళ పొరపాటున నా వేలు తగిలిన సంగీతం బీరువాలోంచి వస్తోంది. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ గడ్డకట్టిన నీళ్ళలోకి మైకు దించి చేసిందట. దానికి తాళం లేదు, పల్లవి లేదు. మంచు పగుళ్ళు, లిఫ్టు తలుపులు, ఎవరో కుర్చీ జరపడం. ఇరవై ఏళ్ళు నాటకాలకి హార్మోనియం వాయించినదాన్ని, ఇదేం సంగీతం నా మొహం అనుకుంటూనే వింటాను. ఆపబుద్ధి కాదు.

పందొమ్మిదో నిమిషంలో, మంచు కిందనుంచి, మాణిక్యక్క రాగం తీస్తుంది.

అక్క నా ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఏడేళ్ళుగా ఆమె నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. చేతిలో కాయ పళ్ళెంలో పెట్టి, లేచి వెళ్ళి, బీరువాకి చెవి ఆనిస్తుంది. నా వైపు చూడదు.

సంగీతం అయిపోతుంది. ఇది ఒక్కసారికేననీ, మళ్ళీ ఉండదనీ ఫోన్ మీద రాసి వస్తుంది.

"వన్స్ మోర్!" అని అరుస్తాను.

మా నాటకాల్లో ఆ మాట పడిందంటే, చచ్చి పడున్న రాజు కూడా లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. కాదనే హక్కు ఎవరికీ లేదు. ఫోన్ కాసేపు వేడెక్కి, మొదటినుంచీ మొదలుపెడుతుంది.

గది ఒక వరస ఇనప కుర్చీలంత పొడుగవుతుంది. ఇదే సంగీతం ఎక్కడెక్కడో వింటున్నవాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కోటు వేసుకున్న ముసలాయన, ఇద్దరు నర్సులు, ఒళ్ళో పిల్లితో ఒకావిడ. వాళ్ళకి మంచినీళ్ళిస్తాను. గ్లాసులు కూడా పాడుతున్నాయి కాబట్టి చెంబుతో ఇస్తాను.

ఈసారి పందొమ్మిదో నిమిషంలో గొంతు ఆగుతుంది.

"వన్స్ మోర్ అన్నది నువ్వేనటే, నాంచారూ?"

"నేనే. అక్క ఇక్కడే ఉంది. వచ్చెయ్."

"శ్రుతి ఎంతలో పెడతావే?"

అక్క గొంతుకి నాలుగున్నర శ్రుతి చాలు. ఆఖరి నాటకంలో నేను ఆరుకి ఎక్కించాను. జనం ఈలలేశారు. ఏడుసార్లు వన్స్ మోర్ అన్నారు, ఏడుసార్లూ ఆరులోనే వాయించాను. ఎనిమిదోసారి అక్క నోరు తెరిస్తే ఏమీ రాలేదు. డాక్టరు నరాల జబ్బన్నాడు. నేనూ అందరితో అదే అన్నాను, అక్కతో కూడా.

"నేనే పాడుచేశానక్కా," అంటాను, బీరువాతో కాదు, అక్కతో. "చప్పట్లకి ఆశపడి శ్రుతి పెంచా."

ఏడుపు ఆగదు. ముసలాయన మర్యాదకి చెవులు మూసుకుంటాడు. అక్క బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడుతుంది.

"నాకిక్కడ బాగానే ఉందే," అంటుంది గొంతు. "ఎవురూ ఈలలెయ్యరు. మెల్లగా సాగదీస్తారు, ఒక్కో అక్షరానికి ఒక్కో కాలం పడుద్ది. శానా పొడుగైపోయా. మీ ఇంట్లో పట్టను."

"మడతపెడతాం."

గొంతు ఆలోచిస్తుంది. "మీ అక్కకి నేను కావాలో వద్దో అడుగు ముందు."

అడగక్కర్లేకుండానే అక్క కొంగు బొడ్లో దోపి, తలుపు తెరిచి, కొస అందుకుంటుంది. గొంతు బూడిదరంగులో, జానెడు వెడల్పున, తడిగా ఉంది. రెండో కొస నా చేతికిచ్చి, తడిచీర మడతపెట్టేటప్పుడు నడిచినట్టే వెనక్కి నడుస్తుంది. గడప దాటుతుంది, సందు దాటుతుంది. నేలకి రాసుకోకుండా కుర్చీల్లోవాళ్ళు లేచి మధ్యలో పట్టుకుంటారు. రైల్వే గేటు దగ్గర రైలు తల వంచుకుని దాని కిందనుంచి పోతుంది.

ఫోన్‌లో అక్క ఒక నీలం చుక్క. చుక్క జిల్లా దాటుతుంది. పళ్ళెంలో చిక్కుడుకాయలు ఎండి గింజలు రాలుతాయి. చుక్క ఊళ్ళ పేర్లు లేని నీళ్ళమీదికి వెళ్ళి ఆగుతుంది. నా చేతుల్లో గొంతు సడలుతుంది. వదిలేసిందనుకుంటాను. ఎందుకు వదలదు, నాకు ఎదురుకొస పట్టుకుని ఆమెకి ఏం పని?

అప్పుడు గొంతు మళ్ళీ బిగుస్తుంది. అక్కడ అక్క నోరు తెరిచింది. మొదటి అక్షరం నా దాకా వచ్చేలోపు కొంగలు దారి పొడుగునా గొంతు మీద గూళ్ళు కట్టుకుంటాయి. అక్షరం గుడ్లు కదలనివ్వకుండా ఒక్కో గూడు కిందనుంచి దాటి, నా వేళ్ళకి తగులుతుంది. "నాం." నా పేరే. తిట్టడానికో, పిలవడానికో ఇంకా తెలియదు. మిగతా రెండక్షరాలు గూళ్ళ కింద ఎక్కడో నడిచి వస్తున్నాయి, నేను కొస గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాను.