తేలే పుస్తకం

గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడు వినబడగానే ఆమె మంచం దిగింది. దిగుతూనే, తను పడుకున్న చోటి మీదికి దుప్పటి మెడ దాకా లాగి కప్పింది, లోపల ఇంకా ఎవరో నిద్రపోతున్నట్టు. వెచ్చదనం పోకూడదు. రేవు గేటు దగ్గర రాత్రంతా కాపలా కాసి వచ్చిన మనిషి చల్లటి పక్క మీద ఒళ్ళు వాల్చడమేమిటని పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని. సాయంత్రం లేచేటప్పుడు అతనూ అలాగే కప్పి వెళ్ళేవాడు. ఒకరు విడిచిన వేడిలో ఒకరు పడుకోవడం, ఒకరి తల చేసిన గుంటలో ఇంకొకరు తల పెట్టడం, అలాగే జరిగిపోయింది సంసారమంతా. మరి కూతురు ఎప్పుడు పుట్టిందని పక్కింటి ఇల్లాలు ఎగతాళి చేస్తే, "నువ్వు ఊరెళ్ళినప్పుడు" అనేది ఆమె.

మంచం చిన్నది. ఒక్క మనిషికి కట్టినది.

అతను మెడలోంచి విజిల్ తీసి కిటికీ మేకుకు తగిలించాడు. నల్ల తాడు, మెడ చెమటకి నిగనిగలాడుతోంది. టోపీ తీస్తే నుదుటి మీద గీత, ఎంత రుద్దినా పోని గీత. ఆ రోజుతో అతని కొలువు ఆఖరు. సాయంత్రం వెళ్ళి, ఒక్క రాత్రి కాపలా కాసి, పొద్దున్నే టోపీ, విజిల్ అప్పజెప్పి వచ్చేస్తే మరి వెళ్ళనక్కర్లేదు.

"వడ్రంగికి చెప్పి రానా, ఇంకో మంచానికి?" అంది ఆమె జడ ముడేసుకుంటూ.

"ఎందుకే?"

"రేపటి నుంచి ఇద్దరం రాత్రే పడుకోవాలి కదయ్యా. ఇందులో ఎలా పడతాం?"

"సర్దుకుంటే పడతాంలే."

"నువ్వు అడ్డంగా పడుకుంటావు."

"నేనెలా పడుకుంటానో నీకేం తెలుసే? ఎప్పుడైనా చూశావా?"

సెలవు రాత్రుల్లో కూడా అతనికి కంటి మీదికి కునుకు వచ్చేది కాదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, దీపానికి కాగితం అడ్డం పెట్టి చదువుకునేవాడు. దిండులో గుంట ఎక్కడుందో చూసి, ఇటు తిరిగి పడుకున్నాడు, అటు తిరిగి పడుకున్నాడు అనుకోవడమే తప్ప ఆమె కళ్ళారా చూసింది తక్కువ.

చదివేవన్నీ జలాంతర్గాముల పుస్తకాలే. వయసులో ఉండగా జలాంతర్గామిలో పనికి వెళ్ళాలని అతనికి మహా పిచ్చి. చెవిలో లోపముందని డాక్టరు తిప్పి పంపేశాడు. నీళ్ళ కిందికి దిగనివ్వకపోతే నీళ్ళ ఒడ్డున గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గ్రంథాలయంలో అటెండరు కాబట్టి సరిపోయింది. నీళ్ళ కిందిదంతా ఆమె చేసంచీలోనే ఇంటికి వచ్చేది.

ఇవాళ దిండు మీద ఒక బూడిదరంగు అట్ట పుస్తకం పెట్టింది. మధ్యలో చీటీ ముక్క.

"గుర్తు పెట్టిన చోట చదువు. మన ఇంటి సంగతి ఎవడో రాసి పడేశాడు" అంది.

"మునిగేదా, తేలేదా?"

"తేలేదేలే. చివరి పేజీ చూసే తెచ్చాను."

అతను దుప్పటి ఎత్తి ఆమె వేడిలోకి దూరాడు. "నిద్ర లేచాక చదివి సాయంత్రం చెబుతాలే" అన్నాడు, అప్పటికే సగం మూతబడ్డ గొంతుతో.

ఆ బూడిదరంగు పుస్తకం ఒక జలాంతర్గామి వంటవాడు రాసుకున్నది. ఆమె చదువు నెమ్మది, వేలు పెట్టి కూడబలుక్కోవాలి. అందుకే ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీ చదివేది. పడవ పైకి తేలితే సంచీలో వేసుకునేది, లేకపోతే మళ్ళీ అరలో పెట్టేసేది. ఈ పుస్తకం మాత్రం అతికించడానికి విప్పినప్పుడు మధ్యలో ఒక పేజీ కంటబడింది. పడవలో చోటు లేక ఇద్దరు మనుషులకి ఒకటే పడక ఇచ్చారట. ఒకడు పనిలోకి వెళ్ళగానే ఇంకొకడు వచ్చి అందులో పడుకోవాలి. టార్పెడోల పక్కన, నూనె కంపులో. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదు గానీ, వెళ్ళేవాడు వచ్చేవాడి కోసం దిండు కింద రొట్టెముక్క దాచేవాడట. ఆమె జిగురు చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. ఆ పేజీ వరకే చదివి చీటీ పెట్టింది. చివరి పేజీ తప్ప ఆ తర్వాత ఏముందో ఆమెకి తెలియదు. ఈ పేజీ చదివి ఆయన ఏమంటాడో వినాలి, ఆమె కోరిక అంతే. ఆ కోరికతోనే పనికి వెళ్ళింది.

గ్రంథాలయంలో మేడం వారానికో సంగతి మీద ముందు హాల్లో బల్ల వేయిస్తుంది. పోయిన వారం పక్షులు. ఈ వారం జలాంతర్గాములు. చదవదగిన పుస్తకాలు ఏరి బల్ల మీద పరచడం ఆమె పని. పొడి గుడ్డతో ఒక్కొక్క దాని వీపు తుడిచి, ఊడిన అట్ట జిగురుతో అతికించి, బరువైన నిఘంటువు కింద అణిచింది. పెద్ద యుద్ధాల చరిత్రలు లావుగా వెనక వరుసలో. బొమ్మలున్నవి ముందు. సముద్రం అడుగున ఇరుక్కుపోయి, గోడ మీద సుత్తితో కొడుతూ ఎదురుచూసిన వాళ్ళ కథ ఒకటుంది. దానికి ఎప్పుడూ అట్ట నిలవదు, అంతమంది చేతులు పడతాయి. అది ఎడమవైపు. మునిగేవన్నీ ఎడమవైపు, తేలేవి కుడివైపు.

కాలేజీ పిల్ల ఒకతె వచ్చి బల్లంతా కలియజూసింది. "అక్కా, వీటిలో ఏది బాగుంటుంది?"

"మునిగేది కావాలా తల్లీ, తేలేది కావాలా?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ముందే చెప్పేస్తే ఇంకేం మజా?"

"మజా కావాలంటే ఎడంవైపు తీసుకో. పరీక్షలుంటే మాత్రం కుడివైపు."

గొడుగు పెద్దాయన అక్కడే పేపరు చదువుతున్నాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగు వదలడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు జలాంతర్గామిలో ఇంజను పని చూసిన మనిషి. కళ్ళజోడు మీదినుంచి చూశాడు.

"తేలేవే చదివితే యుద్ధమంటే ఏం తెలుస్తుందమ్మా? మునిగిన వాళ్ళవే అసలు పుస్తకాలు."

"మా ఆయన రాత్రిపూట ఒక్కడే చదువుకుంటాడు బాబుగారూ. మునిగేవి చదివితే తెల్లారేదాకా ఎవరు ఓదారుస్తారు?"

"తేలే పుస్తకమంటూ ఎక్కడుందీ? రాసేవాడు నాలుగు పేజీల ముందే ఆపేస్తే తేలినట్టు. అంతే."

"అయితే మంచివాడే, ఆపేశాడుగా" అంది ఆమె. పెద్దాయన పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. భుజాలు కదలడం చూసి, నవ్వుతున్నాడని ఆమెకి తెలిసింది.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటూ గోడ గడియారం వైపు చూసింది. లేచి ఉంటాడు. మొహం కడుక్కుని కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. చీటీ ఉన్న చోట విప్పి ఉంటాడు. ఏమంటాడు? "ఎవడే వీడు, మన కిటికీలోంచి తొంగి చూశాడా?" అంటాడు. లేకపోతే ఏమీ అనడు. అదీ ఉంది. టోపీ పెట్టుకుని, "బాగానే ఉంది" అని గేటు వైపు నడిచిపోతాడు. అలాంటప్పుడు ఆమెకి ఒళ్ళు మండేది.

సాయంత్రం మేడంకి తాళాలు అప్పజెప్పి బయలుదేరింది. వడ్రంగి కొట్టు ముందు ఒక్క క్షణం ఆగింది. లోపల చెక్క మీద చిత్రిక నడుస్తోంది, పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. చెప్పేద్దామా అనుకుంది. ఆయన్ని ఇంకోసారి అడిగాకే అనుకుని కదిలింది.

పక్కింటి ఇల్లాలు చంటిదాన్ని భుజాన వేసుకుని మెట్ల మీద ఉంది.

"మీ ఆయనకి ఇవాళ ఏమైంది వదినా? మధ్యాహ్నం ఒక్కడే పకపకా నవ్వాడు! గోడ ఇవతలికి వినబడింది. నా పిల్ల ఉలిక్కిపడి లేచింది."

"నవ్వాడా?"

"నవ్వడమేమిటి, దగ్గొచ్చేదాకా నవ్వాడు."

ఆమె మొహం విప్పారింది. రెండేసి మెట్లు ఎక్కింది.

మామూలుగా ఆ వేళకి అతను చెప్పులు తొడుక్కుని గుమ్మంలో ఉండాలి. లేడు. మేకుకి విజిల్ లేదు. వెళ్ళిపోయాడనుకుని ఆమెకి చిన్నబోయినట్టయింది. లోపలికి వస్తే మంచం మీద ఉన్నాడు. దుప్పటి మెడ దాకా కప్పి ఉంది. ఆఖరి రోజు పనికి ఆలస్యమవుతోందని కంగారుగా, "ఏమయ్యా, లే" అంది. ఇంకోసారి అంది. దుప్పటి కింద చెయ్యి పెట్టింది.

పక్క చల్లగా ఉంది. మనిషీ చల్లబడ్డాడు.

అక్కడే నేల మీద కూర్చుంది. అప్పుడు చూసింది. అతను అడ్డంగా పడుకోలేదు. గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరగా ముడుచుకుని, ఆ చిన్న మంచం మీద ఒక వారగా ఒదిగి ఉన్నాడు. ఇవతలి సగం ఖాళీగా వదిలేశాడు. దిండు కూడా సగమే తీసుకున్నాడు.

కూతురు వచ్చింది, ఉంది, వెళ్ళింది. ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళేలోగా బల్ల మీద జలాంతర్గాములు పోయి చెట్ల పుస్తకాలు వచ్చాయి. ఒక సాయంత్రం ఆమె ఆ బూడిదరంగు పుస్తకం విప్పింది. తను పెట్టిన చీటీ పెట్టిన చోటే ఉంది. దానికి రెండు కాగితాల తర్వాత అతని విజిల్ తాడు ఉంది. ఆ పేజీ వేలు పెట్టి చదివింది. పడవ ఒడ్డుకి వచ్చాక వాళ్ళిద్దరికీ సత్రంలో చెరొక వెడల్పాటి మంచం ఇచ్చారట. ఇద్దరికీ నిద్ర పట్టలేదట. చివరికి ఒకడు లేచి వచ్చి, "కాస్త జరగరా" అని రెండోవాడి పక్కన దూరితే, గోడవైపు వాడు గోడకి అంటుకుపోయి చోటిచ్చాడట. తెల్లారేదాకా ఇద్దరూ గురకలే.

ఆమె అక్కడే ఆపింది. వడ్రంగి దగ్గరికి వెళ్ళలేదు. ఆ మంచం మీదే పడుకుంటుంది, ఇవతలి సగంలో.

విజిల్ తెచ్చిమ్మని రేవు వాళ్ళు కబురు పెట్టలేదు. పుస్తకం తెమ్మని మేడం అడగలేదు. దిండు పక్కన గోడవైపు ఆ పుస్తకం మూసి ఉంది, మధ్యలోంచి నల్లతాడు వేలాడుతూ, కొసన విజిల్ పక్క మీద ఆనుకుని.